ఎన్నికల అంచనా – నమూనా ప్రాతినిధ్యం: జార్జ్ గ్యాలప్ 1936, 1948 అంచనాల పరిశీలన

వ్యాససంగ్రహం:
అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు జార్జ్ గ్యాలప్ ప్రకటించిన అంచనాలలో 1936 నాటిది ఆయనకు కీర్తిని, 1948 నాటిది అపకీర్తిని తెచ్చిపెట్టాయి. అయితే రెండు సందర్భాలలోనూ జరిగిన పొరపాటు పరిమాణంలోనూ దిశలోనూ ఇంచుమించు ఒకటే. విజేత పేరు సరిపోయినంత మాత్రాన అంచనా శాస్త్రీయమైనదని గాని, సరిపోనంత మాత్రాన అది నిరాధారమైనదని గాని నిర్ణయించడం తగదని నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం. నమూనా ఎంపికలోని దోషం ఫలితాన్ని ఎలా ప్రభావితం చేస్తుందో వివరించి, ప్రశ్నావళులపై ఆధారపడే తెలుగు పరిశోధనలకు అందులోని పాఠాన్ని సూచించడం జరిగింది.

కీలక పదాలు: అభిప్రాయ సేకరణ, నమూనా, ప్రాతినిధ్యం, కోటా పద్ధతి, దోషపరిమితి, అంచనా, జోస్యం.

1. ఉపోద్ఘాతం:
అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునన్నది తెలుగువారి అనుభవంలోంచి పుట్టిన మాట. ఎన్నికల ముందు జరిగే అభిప్రాయ సేకరణ కూడా ఈ సూత్రం మీదే నిలిచి ఉంది. కొద్దిమందిని అడిగి కోట్లమంది మనసు తెలుసుకోవడమే దాని లక్ష్యం. కుండలోని మెతుకులన్నింటికీ ఒకే నీరు, ఒకే మంట అందుతాయి. అందువల్ల ఒక మెతుకు తక్కినవాటి తరఫున సాక్ష్యం చెప్పగలదు. ఓటర్లు అలా ఒకే మంట మీద ఉడికినవారు కారు. ఆదాయం, చదువు, వృత్తి, ప్రాంతం, జాతి వారిని వేరువేరుగా తీర్చిదిద్దుతాయి. కాబట్టి ఎన్ని మెతుకులు పట్టి చూశారన్న ప్రశ్నకంటే, వాటిని కుండలో ఏయే చోట్ల నుంచి తీశారన్న ప్రశ్నే ముఖ్యమవుతుంది. ఈ విషయాన్ని 1936 నాటి అమెరికా అధ్యక్ష ఎన్నిక స్పష్టంగా నిరూపించింది.

2. లిటరరీ డైజెస్ట్ – సంఖ్యాబలం:
‘లిటరరీ డైజెస్ట్’ అమెరికాలో విశేష ప్రచారం పొందిన వారపత్రిక. 1916 నుంచి 1932 వరకు జరిగిన ఐదు అధ్యక్ష ఎన్నికలలోనూ విజేతను అది ముందుగానే సరిగా సూచించింది. 1936లో డెమొక్రటిక్ పార్టీ పక్షాన అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్, రిపబ్లికన్ పార్టీ పక్షాన కాన్సస్ గవర్నర్ ఆల్ఫ్రెడ్ ల్యాండన్ పోటీపడ్డారు. ఆ ఏడాది డైజెస్ట్ దాదాపు కోటిమందికి నమూనా ఓటుపత్రాలను తపాలాలో పంపింది. అందులో 23 లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. వాటిని లెక్కించి ల్యాండన్ ఘనవిజయం సాధిస్తాడని పత్రిక ప్రకటించింది.

ఫలితం దీనికి పూర్తిగా విరుద్ధంగా వచ్చింది. రూజ్‌వెల్ట్ 60.8 శాతం ఓట్లు పొందగా, ల్యాండన్‌కు 36.5 శాతం లభించాయి. ఎలక్టోరల్ ఓట్లలో రూజ్‌వెల్ట్‌కు 523, ల్యాండన్‌కు 8 వచ్చాయి. ల్యాండన్ గెలిచిన రాష్ట్రాలు మెయిన్, వెర్మాంట్ అనే రెండు మాత్రమే. అంత పెద్ద నమూనా ఇంతగా తప్పడానికి రెండు కారణాలను గుర్తించవచ్చు.

మొదటిది చిరునామాల సేకరణ. పత్రిక ప్రధానంగా టెలిఫోన్ డైరెక్టరీలను, మోటారు వాహనాల రిజిస్ట్రేషన్ జాబితాలను ఆధారం చేసుకుంది. ఆర్థిక మాంద్యం తీవ్రంగా ఉన్న ఆ కాలంలో ఫోను, కారు కలవారు సామాన్య ఓటర్లకు ప్రతినిధులు కాలేరు. రూజ్‌వెల్ట్‌కు బలమైన మద్దతునిచ్చిన నిరుద్యోగులు, కూలీలు చాలావరకు ఆ జాబితాలకు వెలుపలే ఉండిపోయారు.

రెండవది ప్రతిస్పందన. ఓటుపత్రం అందినవారిలో నలుగురిలో ఒకరు మాత్రమే దాన్ని తిప్పి పంపారు. పంపినవారు, పంపనివారు ఒకే అభిప్రాయం కలవారని భావించడానికి ఆధారం లేదు. 1937లో గ్యాలప్ సంస్థ సేకరించిన సమాచారాన్ని పరిశీలించి పెవెరిల్ స్క్వైర్ 1988లో ఒక అధ్యయనం ప్రచురించారు. పత్రం అందినవారందరూ జవాబిచ్చి ఉంటే కనీసం విజేత పేరైనా పత్రిక సరిగా చెప్పగలిగేదని ఆ అధ్యయనం తేల్చింది. అంటే జాబితాలోని దోషానికి మౌనంగా ఉండిపోయినవారి దోషం తోడైందన్నమాట. ఎన్నిక ముగిసిన రెండేళ్లలోనే, 1938లో, ఆ పత్రిక మూతపడింది.

3. గ్యాలప్ విజయం – అందులోని లోపం:
జార్జ్ గ్యాలప్ (1901–1984) అయోవా రాష్ట్రంలో జన్మించి, అక్కడి విశ్వవిద్యాలయంలోనే మనోవిజ్ఞానశాస్త్రంలో డాక్టరేట్ పొందారు. 1935లో ‘అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఒపీనియన్’ సంస్థను స్థాపించారు. 1936 వేసవిలో, డైజెస్ట్ తన ఓటుపత్రాలను పంపకముందే, ఆ పత్రిక సర్వేలో ల్యాండన్‌కు సుమారు 56 శాతం వస్తుందని, అది తప్పవుతుందని ఆయన ప్రకటించారు. డైజెస్ట్ వాడే జాబితాల వంటివాటి నుంచే ఒక చిన్న నమూనా తీసి, ఆ జాబితాలోని పక్షపాతాన్ని ఆయన ముందుగానే కొలిచారు. ఎన్నిక ఫలితాన్ని ఊహించడంకంటే, మరొకరు చేయబోయే తప్పును దాని పరిమాణంతో సహా ముందే చెప్పడం పద్ధతిపై ఆయనకున్న పట్టుకు బలమైన నిదర్శనం.

రూజ్‌వెల్ట్‌కు సుమారు 56 శాతం ఓట్లు వస్తాయని గ్యాలప్ తుది అంచనా. విజేత పేరు సరిపోయింది. డైజెస్ట్ పతనం, గ్యాలప్ ఉదయం ఒకే రోజున జరిగాయని చరిత్రకారులు చెప్పుకునే స్థాయిలో ఆయనకు పేరు వచ్చింది. అయితే అంకెలను నిదానంగా చూస్తే మరొక విషయం కనిపిస్తుంది. పోలైన మొత్తం ఓట్ల లెక్కన ఆయన రూజ్‌వెల్ట్ బలాన్ని 5 పాయింట్లు తక్కువగా అంచనా వేశారు. ఇద్దరు ప్రధాన అభ్యర్థుల ఓట్లను మాత్రమే లెక్కిస్తే ఆ తేడా 7 పాయింట్లకు చేరువవుతుంది. విజయోత్సాహంలో ఈ తేడాను పట్టించుకున్నవారు తక్కువ.

4. 1948 – అదే దోషం, వేరు ఫలితం:
1948లో అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్‌పై న్యూయార్క్ గవర్నర్ థామస్ డ్యూయీ పోటీ చేశారు. గ్యాలప్ తుది అంచనా డ్యూయీకి 49.5, ట్రూమన్‌కు 44.5 శాతం. ఆర్చిబాల్డ్ క్రాస్లీ, ఎల్మో రోపర్ వంటి ఇతర ప్రముఖులు కూడా డ్యూయీ వైపే మొగ్గారు. రోపర్ అయితే సెప్టెంబరులోనే, ఇక కొలవవలసిందేమీ లేదన్న భావంతో, సర్వే ఫలితాల ప్రకటనను నిలిపివేశారు. ‘షికాగో డైలీ ట్రిబ్యూన్’ డ్యూయీ గెలిచినట్లు పతాకశీర్షికతో సంచిక వెలువరించింది. చివరకు ట్రూమన్ 49.6, డ్యూయీ 45.1 శాతం ఓట్లు పొందారు. గెలిచిన ట్రూమన్ ఆ పత్రికను చేతపట్టి నవ్వుతున్న ఛాయాచిత్రం ప్రపంచ ప్రసిద్ధమైంది.

ఈ పరాజయంపై సోషల్ సైన్స్ రిసెర్చ్ కౌన్సిల్ నియమించిన సంఘం విచారణ జరిపింది. ఆ నివేదిక ప్రధానంగా రెండు రకాల లోపాలను ఎత్తిచూపింది.

మొదటిది నమూనా సేకరణలోనిది. అప్పటి ప్రముఖ సర్వే సంస్థలు కోటా పద్ధతిని అనుసరించేవి. ఇంతమంది పురుషులు, ఇంతమంది స్త్రీలు, ఇన్ని ఆదాయ వర్గాలు అని సంస్థ నిర్ణయిస్తుంది. ఆ హద్దులలో ఎవరిని అడగాలన్నది క్షేత్రకార్యకర్త ఇష్టం. సహజంగానే అతడు సులభంగా దొరికేవారిని, మాట్లాడటానికి ఇష్టపడేవారిని, కాస్త చదువుకున్నవారిని ఎంచుకుంటాడు. కాగితం మీద కోటా నిండుతుంది గాని ప్రతి వర్గంలోనూ సౌకర్యవంతమైన భాగమే నమూనాలోకి వస్తుంది. 1936, 1940, 1944 ఎన్నికలలోనూ గ్యాలప్ అంచనాలు రిపబ్లికన్ అభ్యర్థుల బలాన్ని వాస్తవంకంటే ఎక్కువ చేసి చూపాయి. రూజ్‌వెల్ట్ ఆధిక్యం పెద్దది కావడంతో ఆ దోషం విజేత పేరును మార్చలేదు. 1948లో పోటీ దగ్గరగా రావడంతో అదే దోషం ఫలితాన్ని తలకిందులు చేసింది.

రెండవది కాలానికి సంబంధించినది. సంస్థలు పోలింగుకు చాలా ముందుగానే ప్రశ్నించడం ఆపివేశాయి. చివరి రోజులలో మనసు మార్చుకున్నవారు, అప్పటివరకు నిర్ణయించుకోనివారు లెక్కలోకి రాలేదు. నేటి మాటను రేపటి ఓటుగా పరిగణించడం ఇక్కడి పొరపాటు.

1936లో ఐదు పాయింట్లకు తక్కువ కాని తేడా, 1948లో ఐదు పాయింట్ల తేడా. రెండింటిలోనూ తగ్గింది డెమొక్రటిక్ అభ్యర్థి బలమే. ఒకటి కీర్తిగానూ మరొకటి అపకీర్తిగానూ మిగిలిపోవడానికి కారణం పద్ధతిలోని గుణదోషాలు కావు. పోటీలోని అంతరం మాత్రమే. 1948 తర్వాత గ్యాలప్ సంస్థ యాదృచ్ఛిక నమూనా పద్ధతికి మారి, పోలింగుకు దగ్గర వరకు ప్రశ్నించడం కొనసాగించింది. 1936లోనే తన తేడాను తానే ప్రశ్నించుకుని ఉంటే ఈ మార్పు పన్నెండేళ్లు ముందే సాధ్యమయ్యేది.

5. దోషపరిమితి – దాని హద్దులు:
సర్వే ఫలితాలతో పాటు ‘మూడు శాతం అటూ ఇటూ’ అన్న దోషపరిమితిని ప్రకటించడం నేడు ఆనవాయితీ. యాదృచ్ఛికంగా ఎంపిక చేసిన వెయ్యిమంది నమూనాకు ఇది సుమారుగా వర్తిస్తుంది. దీనిని చదవడంలో రెండు జాగ్రత్తలు అవసరం. ఈ పరిమితి ఒక్కొక్క అభ్యర్థి శాతానికి వర్తించేది. ఇద్దరి మధ్య ఆధిక్యానికి అది ఇంచుమించు రెట్టింపవుతుంది. కాబట్టి 46, 43 శాతాల మధ్య ఉన్న మూడు పాయింట్లను ఆధిక్యంగా నిర్ధారించలేము.

అంతకంటే ముఖ్యమైనది రెండవది. దోషపరిమితి యాదృచ్ఛికత వల్ల కలిగే తేడాను మాత్రమే కొలుస్తుంది. ఎంపికలోని పక్షపాతాన్ని కొలవదు. డైజెస్ట్‌కు అందిన 23 లక్షల పత్రాలకు ఇదే సూత్రాన్ని వర్తింపజేస్తే దోషపరిమితి 0.1 శాతం కన్నా తక్కువ వస్తుంది. రూజ్‌వెల్ట్ విషయంలో ఆ పత్రిక నిజంగా తప్పింది సుమారు 20 పాయింట్లు. నమూనా పెరిగేకొద్దీ పక్షపాతం తగ్గదు. దానిపై నమ్మకం మాత్రం పెరుగుతుంది.

2016 ఎన్నికలోనూ ఈ సమస్య మరో రూపంలో కనిపించింది. దేశవ్యాప్త సర్వేలు హిల్లరీ క్లింటన్‌కు స్వల్ప ఆధిక్యాన్ని చూపాయి. మొత్తం ఓట్లలో ఆమెకు దాదాపు రెండు పాయింట్ల ఆధిక్యం వచ్చింది కూడా. కాని అధ్యక్షుణ్ణి నిర్ణయించేది రాష్ట్రాల వారీ ఎలక్టోరల్ ఓట్లు. విస్కాన్సిన్, మిషిగన్, పెన్సిల్వేనియా రాష్ట్రాలు డొనాల్డ్ ట్రంప్‌కు దక్కాయి. చదువుకున్నవారు సర్వేలకు ఎక్కువగా జవాబిస్తారు. ఆ అసమతౌల్యాన్ని చాలా రాష్ట్రస్థాయి సర్వేలు సరిదిద్దలేదని అమెరికాలోని అభిప్రాయ పరిశోధకుల సంఘం తర్వాతి సమీక్షలో పేర్కొంది. కోటా కాలం నాటి చదువుకున్న జవాబుదారుడే ఎనభై ఏళ్ల తర్వాత ఫోనులోనూ ఎదురయ్యాడని గ్రహించవచ్చు.

6. జోస్యం – అంచనా:
తెలుగు పత్రికాభాషలో సర్వే ఫలితాలను ‘జోస్యం’గా పేర్కొనడం పరిపాటి. జ్యోతిషానికి వికృతి అయిన ఈ పదంలో షరతులు లేని భవిష్యత్ కథనం ధ్వనిస్తుంది. ఎరుక చెప్పేవారు తమ మాటకు ఆధారం చూపవలసిన పని లేదు. ‘అంచనా’ అలాంటిది కాదు. ఫలానా తేదీన, ఫలానా పద్ధతిలో, ఇంతమందిని అడగగా, వారిలో ఓటు వేస్తారని భావించినవారి అభిప్రాయం ఇదని షరతులతో కూడి ఉంటుంది. జోస్యాన్ని ఫలితంతో మాత్రమే పరీక్షిస్తారు. అంచనాను పద్ధతితోనూ పరీక్షించాలి. 1936లో లోకం గ్యాలప్ అంచనాను జోస్యంగా స్వీకరించి మెచ్చుకుంది, 1948లో జోస్యంగానే పరిగణించి నిందించింది. ఈ పదభేదాన్ని పాటించడం కేవలం శైలికి సంబంధించిన విషయం కాదు.

7. తెలుగు పరిశోధనలకు అన్వయం:
పాఠకాభిరుచి, భాషావైఖరులు, మాధ్యమాల ప్రభావం వంటి అంశాలపై నేడు తెలుగులో ప్రశ్నావళి ఆధారిత పరిశోధనలు పెరుగుతున్నాయి. గూగుల్ ఫారాన్ని వాట్సాప్ బృందాలలో పంపి, వచ్చిన జవాబులను శాతాలుగా మార్చి, ‘తెలుగు పాఠకులలో ఇంత శాతం’ అని నిర్ధారించే ధోరణి కనిపిస్తుంది. పరిచయస్థుల జాబితా, జవాబివ్వాలనుకున్నవారి ఉత్సాహం ఇక్కడ డైజెస్ట్ జాబితాల స్థానాన్ని ఆక్రమిస్తాయి. జవాబుల సంఖ్య వందల నుంచి వేలకు పెరిగినా ఈ లోపం తీరదు.

దీనికి భిన్నమైన దృష్టి తెలుగు భాషాపరిశోధనకు కొత్తేమీ కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటి వ్యవసాయ పదాలను వివిధ జిల్లాల నుంచి సేకరించి, ఏ పదం ఏ ప్రాంతానిదో గుర్తించింది. ఒకే ఊరి రైతులను వేలమందిని అడిగినా అటువంటి పదకోశం సిద్ధించదు.

8. ముగింపు:
గ్యాలప్ అనుభవం అంచనాను మూడు ప్రశ్నలతో పరీక్షించాలని బోధిస్తున్నది. ఎవరిని అడిగారు, ఎవరు జవాబివ్వలేదు, అడిగిన నాటికీ నిర్ణయం నాటికీ మధ్య ఏమి మారే అవకాశముంది? ఈ మూడింటికీ సమాధానం లేని శాతం ఎంత కచ్చితంగా కనిపించినా ప్రమాణంగా నిలవదు. మెతుకు సాక్ష్యం చెల్లాలంటే కుండంతా సమంగా ఉడకాలి, లేదా కుండలోని ప్రతి మూల నుంచీ మెతుకు తీయాలి. ఫలితం అనుకూలంగా వచ్చినప్పుడు సైతం తేడాను కొలుచుకునే అలవాటు సర్వే సంస్థలకు ఎంత అవసరమో, సిద్ధాంతగ్రంథంలో శాతాలను ఉటంకించే పరిశోధకునికీ అంతే అవసరం.