మీకు తెలుసా? తూత్తుకుడి మెకరూన్‌కి పారిస్‌లో చుట్టం

చెన్నై, ఆవడి వైపు మిఠాయి దుకాణాల్లో దొరికే తూత్తుకుడి మెకరూన్‌ని చాలామంది తినే ఉంటారు. దానికి ఫ్రాన్స్‌లో ఒక దగ్గరి చుట్టం ఉంది. పేరు ఫినాన్సియే, వేలెడు పొడవుండే బాదం కేకు. రెండింట్లోనూ ముఖ్యమైనవి తెల్లసొన, చక్కెర, బాదం లేదా జీడిపప్పు పొడి.

● ఫినాన్సియే మఠంలో పుట్టిందంటారు. 17వ శతాబ్దంలో నాన్సీ పట్టణంలోని విజిటేషన్ సభ కన్యాస్త్రీలు దీన్ని చేసేవారని చెబుతారు. పచ్చసొన వాడేశాక మిగిలిన తెల్లసొన పారబోయకుండా బాదం పొడితో కలిపేవారట. ఆ సభ 1610లో ఆన్సీలో మొదలైంది.

● బంగారు కడ్డీ ఆకారం తర్వాత వచ్చింది. 19వ శతాబ్దం చివర్లో పారిస్ స్టాక్ ఎక్స్ఛేంజి దగ్గర లాన్ అనే పేస్ట్రీ మాస్టర్ దుకాణం ఉండేది. షేర్ల వ్యాపారులు చేతికి జిడ్డు అంటకుండా, చెంచాతో పనిలేకుండా తినేలా ఆయన దీన్ని మలిచాడని ప్రతీతి.

● రుచి గుట్టంతా వెన్నలో ఉంది. వెన్న కరిగి, నీరు ఇగిరి, అందులోని పాల పదార్థం గోధుమరంగుకు తిరిగేదాకా కాస్తారు. మన ఇంట్లో నెయ్యి దించే వేళకు వచ్చే కమ్మదనమే అది. మనం ఆ గసిని వడకట్టేస్తాం, ఫ్రెంచివాళ్లు గసితో సహా పిండిలో పోస్తారు.

● సరుకులు దగ్గరివే అయినా పని తీరు వేరు. ఫినాన్సియేలో తెల్లసొనను గిలకొట్టకుండానే కలుపుతారు. అంచు కరకరగా, లోపల మెత్తగా వస్తుంది. తూత్తుకుడిలో తెల్లసొనను గట్టి నురగ వచ్చేదాకా గిలకొట్టి, జీడిపప్పు పొడి కలిపి, సన్నని సెగమీద నెమ్మదిగా ఆరనిస్తారు. అందుకే అది నోట్లో పెట్టగానే కరిగిపోతుంది.

● బాదం మన తీరాన పండదు. పోర్చుగీసువారు బ్రెజిల్ నుంచి తెచ్చిన జీడిమామిడి మాత్రం ఇసుక నేలల్లో బాగా నిలదొక్కుకుంది. పలాస, వేటపాలెం జీడిపప్పుకు పేరుపడింది అలాగే. తూత్తుకుడి మెకరూన్‌లో బాదం చోట జీడిపప్పు చేరింది. ఏ వంటకమైనా కొత్త చోట బతికేది అక్కడి పంటను కలుపుకున్నప్పుడే.

ఇంట్లో ఫినాన్సియే చేసి చూడండి: నాలుగు గుడ్ల తెల్లసొన, 100 గ్రాముల బాదం లేదా జీడిపప్పు పొడి, 150 గ్రాముల చక్కెర పొడి, 50 గ్రాముల మైదా, ఎర్రగా కాచి కాస్త చల్లార్చిన 100 గ్రాముల వెన్న. అన్నీ కలిపి చిన్న అచ్చుల్లో పోసి, 180 డిగ్రీల వేడిలో అంచులు ఎర్రబడేదాకా, సుమారు 15 నిమిషాలు కాల్చాలి. పచ్చసొనను మర్నాటి కూరకు దాచుకోండి.