అణు ఐస్‌బ్రేకర్‌కి ఇంధనం ఏళ్లకి, తిండి నెలలకి!
ఐస్‌బ్రేకర్ ఓడ మంచుని కత్తిలా కోసుకుంటూ పోతుందని చాలామంది అనుకుంటారు. కాదండీ. దాని ముందుభాగం మంచు మీదికి ఎక్కుతుంది, ఓడ బరువుకి కింద మంచు విరిగిపోతుంది.

రష్యావాళ్లు 2020లో సర్వీసులోకి తెచ్చిన ‘ఆర్కటికా’నే తీసుకోండి. పొడవు 173 మీటర్లు. రెండు అణు రియాక్టర్ల వేడితో ఆవిరి, ఆవిరితో కరెంటు, కరెంటుతో ప్రొపెల్లర్లు తిరుగుతాయి. దాదాపు 3 మీటర్ల మందం మంచునైనా విరగ్గొడుతుంది. ఒకసారి ఇంధనం నింపితే కొన్నేళ్లు చూసుకోనక్కర్లేదు.

కానీ నన్ను ఆశ్చర్యపరిచింది వేరే విషయం. తిండి సామాన్లు మాత్రం సుమారు 6 నెలలకే! చలికాలంలో అక్కడ వారాల తరబడి సూర్యుడే కనపడడు. అయినా డ్యూటీ ఆపలేరు. ఎందుకంటే వెనకాల సరుకు ఓడలు వీళ్లనే నమ్ముకుని వస్తుంటాయి. దారి మూసుకుపోతే అవి మంచులో ఇరుక్కుపోతాయి. అంటే రియాక్టర్ ఇంకా నడుస్తానన్నా, మనుషుల కోసం ఓడ ఒడ్డుకి రావాల్సిందే.

అలాంటి చీకట్లో మీరైతే ఎన్నాళ్లు ఉండగలరు? కామెంట్‌లో చెప్పండి.