మనసు గోడు చెప్పుకోవడానికి మాట కావాలి

ఆదిలాబాద్: కడుపులో నొప్పి అయితే చేయి పెట్టి చూపవచ్చు. మనసులో నొప్పి చూపడానికి మాట తప్ప దారి లేదు. గోండి తప్ప మరో భాష రాని ముసలమ్మ దవాఖానాకు వస్తే డాక్టరు ఏమని మందు రాయాలి?

2017 చివర ఆదివాసీలు, లంబాడాల మధ్య గొడవలతో జిల్లా అట్టుడికింది. ఆ వేళ కలెక్టరుగా వచ్చిన దివ్య దేవరాజన్ కొద్ది నెలల్లోనే గోండి నేర్చుకొని గూడేల పెద్దలతో వారి భాషలోనే మాట్లాడారు. ప్రభుత్వ ఆసుపత్రులలో గోండి దుబాసీలను పెట్టించారు. 2020లో ఆమె బదిలీ అయ్యారు. ఆమె గుర్తుగా ఒక గూడెం వారు తమ ఊరిని దివ్యగూడ అని పిలుచుకున్నారు.

ఇప్పుడు ఫోను ఉన్న ప్రతి ఇంటికీ మరో దారి ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలిమానస్ నంబరు 14416. రాత్రనక, పగలనక తెలుగులో మాట్లాడవచ్చు. పైసా ఖర్చు లేదు. పత్తి అప్పులతో కుంగిన రైతు, మరమగ్గం ఆగి దిగులుపడిన సిరిసిల్ల కార్మికుడు, పరీక్ష తప్పిన పిల్ల ఎవరైనా చేయవచ్చు.

తెలుగు రాని ఇంట్లో ఆశా కార్యకర్తో, మహిళా సంఘం లీడరో పక్కన కూర్చుంటే గోండి గోడు తెలుగై అవతలికి చేరుతుంది. కలెక్టరమ్మ బదిలీ అయినా దుబాసీ పని ఆగనక్కరలేదు.