సైకిల్‌కీ కొండకీ ఒకే జీపీఎస్: నెల్లూరు లెక్క

నెల్లూరు దగ్గరి మైపాడు బీచ్ ఇసుకలో నిలబడి జీపీఎస్‌ను ఎత్తు అడిగితే, లోపల దానికి ముందు వచ్చే జవాబు సున్నా కాదు, మైనస్ 80 మీటర్ల పైచిలుకు. జీపీఎస్ ఎత్తు కొలిచేది సముద్రం నుంచి కాదు. భూమి ఆకారానికి గణితం గీసిన ఒక నున్నటి ఊహా ఉపరితలం నుంచి. మన వైపు భూమ్యాకర్షణ కాస్త తక్కువ కాబట్టి సముద్రమే ఆ ఉపరితలానికి అంత కిందుగా కుంగి ఉంటుంది. శ్రీలంకకు దక్షిణాన ఈ పల్లం 106 మీటర్లు, ప్రపంచంలో ఇంతకు మించినది లేదు. పరికరంలో ముందే ఎక్కించిన పట్టిక ఈ తేడాను సరిచేశాకే తెర మీద సున్నాకు దగ్గరి అంకె కనిపిస్తుంది.

ఎత్తు చెప్పడం జీపీఎస్‌కు అసలు బలం కాదు. తీరం వెంట సైకిల్ తొక్కేవారికి ఎత్తు లెక్కతో పెద్ద పని లేదు. నెల్లూరు సముద్రమట్టానికి సుమారు 18 మీటర్ల ఎత్తున ఉంది, మైపాడు అక్కడికి 25 కిలోమీటర్లు. అంటే కిలోమీటరుకు ఒక మీటరు వాలు కూడా లేదు. అదే జిల్లాలో పడమటికి పోతే ఉదయగిరి కొండ 3,079 అడుగులు, దాదాపు 938 మీటర్లు. శ్రీకృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడి వేసి 1514లో గానీ గెలవలేకపోయిన దుర్గమది. అలాంటి చోట ఇంకెంత ఎక్కాలో సరిగ్గా తెలియాలి.

అందుకే గాలి పీడనంతో ఎత్తు లెక్కగట్టే బారోమీటర్ ఉన్న పరికరమే కొనాలి. కాకపోతే దాని స్వభావం తెలిసి వాడాలి. సముద్రమట్టం దగ్గర ఒక మిల్లీబార్ తగ్గితే అది మనం 8 మీటర్లకు పైగా ఎక్కామనుకుంటుంది. మన లాంటి ఉష్ణమండలంలో వాతావరణం నిలకడగా ఉన్నా రోజూ ఉదయం పదింటికి పీడనం పెరిగి, సాయంత్రం నాలుగింటికి మూడు నాలుగు మిల్లీబార్లు పడిపోతుంది. ఆ వేళల్లో చదును రోడ్డు మీద తొక్కినా 25 నుంచి 30 మీటర్ల ఎత్తు ఊరికే కలుస్తుంది. ఇక బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి పీడనం 10 మిల్లీబార్లు తగ్గిందంటే, ఇంట్లో బల్ల మీద ఉన్న పరికరం కూడా 80 మీటర్లు పైకి పోతుంది. తెలిసిన ఎత్తు దగ్గర, అంటే బీచ్‌లో గానీ కొండ మొదట్లో గానీ, అంకెను సరిచేసుకుని బయలుదేరాలి.

తర్వాత వేగం. గంటకు 25 కిలోమీటర్లు తొక్కేవారు సెకనుకు 7 మీటర్లు కదులుతారు. కొండ ఎక్కేవారు గంటకు 3 కిలోమీటర్లు నడిస్తే సెకనుకు 80 సెంటీమీటర్లే. ఆరుబయట కూడా మూడు నుంచి ఐదు మీటర్ల పొరపాటు మామూలే. ఆ పొరపాటు సైకిల్ దారిలో కలిసిపోతుంది. నడకలో అడుగు కన్నా అదే పెద్దది కాబట్టి తెర మీద దారి గీత వంకరలు పోయి, దూరం ఎక్కువ చూపిస్తుంది. నిలబడిపోతే ఏ దిక్కుకు తిరిగి ఉన్నామో జీపీఎస్ చెప్పలేదు. అందుకే నడకకు విడిగా దిక్సూచి కావాలి.

బ్యాటరీ దగ్గరే చాలామంది తప్పు బేరం చేస్తారు. బ్రెవేలంటే గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ సవారీలు. ఆడాక్స్ ఇండియా బ్రెవేల్లో 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20, 400కు 27 గడువు. సైకిల్ కోసమే చేసిన గార్మిన్ ఎడ్జ్ 540కి కంపెనీ చెప్పే లెక్క 26 గంటలు. చేతిలో పట్టుకునే ఈట్రెక్స్ 32ఎక్స్‌కు 25. కాగితం మీద ఎడ్జ్‌దే పైచేయి, బరువూ 80 గ్రాములే, ఈట్రెక్స్ 142 గ్రాములు. కానీ ఈట్రెక్స్ రెండు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. అవి ఆత్మకూరులోనూ ఉదయగిరిలోనూ దొరుకుతాయి, మార్చడానికి నిమిషం చాలు. లోపలే బిగించిన లిథియం బ్యాటరీని 45 డిగ్రీల వేడి దాటాక చార్జ్ చేయకూడదు. మే ఎండలో హ్యాండిల్ మీద పరికరం ఆ హద్దు ఇట్టే దాటేస్తుంది.

ఉపగ్రహాల సంఖ్య చూసి మురిసిపోనక్కర్లేదు. జీపీఎస్ లాంటిదే మన దేశపు సొంత ఉపగ్రహ వ్యవస్థ నావిక్ మన శ్రీహరికోట నుంచే ఎగిరింది, 2013 జులై 1న మొదటి ఉపగ్రహం వెళ్లింది. గర్వపడదాం. అయినా తీరంలో ఆకాశమంతా తెరిచే ఉంటుంది, మామూలు జీపీఎస్ చాలు. ఎల్1, ఎల్5 రెండు పౌనఃపున్యాలూ అందుకునే పరికరం ఉపయోగపడేది వెలిగొండల లోయల్లో, సంకేతాలు రాళ్లకు తగిలి తిరిగొచ్చే చోట.

నెలనెలా బ్రెవేలు తొక్కుతూ, ఏడాదికొకసారి కొండెక్కేవారికి సైకిల్ పరికరమే సరి. రెండూ సమంగా చేసేవారు బారోమీటర్, దిక్సూచి, బొత్తాలు, పెన్సిల్ సెల్స్ ఉన్న చేతి పరికరం కొని, సైకిల్‌కు క్లాంపు పెట్టించుకోండి. ఈట్రెక్స్ 22ఎక్స్ చూడ్డానికి 32ఎక్స్ లాగే ఉంటుంది గానీ అందులో బారోమీటరూ దిక్సూచీ లేవు.

ఒక్క జాగ్రత్త. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే ఇన్‌రీచ్ లాంటి పరికరాలను మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా వాడడం నేరం. బయటి దేశం నుంచి బంధువులు తెస్తామన్నా వద్దనండి. మామూలు జీపీఎస్ సంకేతాన్ని అందుకుంటుందే తప్ప మీ కబురు ఎవరికీ చేర్చలేదు. కాబట్టి కొండకు బయలుదేరే ముందు ఏ దారిన వెళ్తున్నారో, ఎన్ని గంటలకు తిరిగొస్తారో కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి వెళ్లండి.