కారు కింద ప్లాటినం

1943 జులైలో ఒక రోజు లాస్ ఏంజెలెస్ నగరాన్ని దట్టమైన పొగ కమ్మేసింది. కళ్లు మండాయి, గొంతులు పట్టేశాయి. యుద్ధం నడుస్తున్న రోజులు కావడంతో జపాన్‌ విషవాయువు వదిలిందేమోనని జనం హడలిపోయారు. అసలు సంగతి తేలడానికి చాలా ఏళ్లు పట్టింది. కార్ల గొట్టాల్లోంచి సగం కాలి బయటపడే పెట్రోలు ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండ తగిలితే ఓజోన్‌ను పుట్టిస్తున్నాయని, ఆ మంట దానివల్లేనని కాల్‌టెక్ రసాయన శాస్త్రవేత్త ఆరీ హాగెన్‌స్మిట్ 1950ల మొదట్లో నిరూపించాడు.

ఈ పరిశోధనలు యూజీన్ హౌడ్రీని కదిలించాయి. ఫ్రాన్స్‌లో పుట్టి, మొదటి ప్రపంచ యుద్ధంలో ట్యాంకు దళంలో పనిచేస్తూ గాయపడి, తర్వాత అమెరికా చేరిన ఇంజినీరు ఆయన. ముడిచమురు నుంచి ఉత్ప్రేరకం సాయంతో మేలురకం పెట్రోలు తీసే పద్ధతిని కనిపెట్టి అప్పటికే పేరు గడించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రపక్షాల విమానాలకు ఇంధనం ఆ పద్ధతిలోనే పెద్ద ఎత్తున తయారైంది. అంత పెట్రోలు అందించిన మనిషే దాని పొగకు విరుగుడు వెతకడానికి పూనుకోవడం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది. 1956లో ఆయన తయారుచేసిన, పొగను ఉత్ప్రేరకంతో శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ అనే పెట్టెకు పేటెంటు వచ్చింది. కానీ కార్లకు బిగించే దారి లేకపోయింది. ఆ రోజుల్లో పెట్రోల్లో సీసం కలిపేవారు. ఆ సీసం ఉత్ప్రేరకం మీద పూతలా పేరుకుని దాన్ని పనికిరాకుండా చేసేది. తన పెట్టె ఊళ్ల గాలిని బాగుచేయడం చూడకుండానే హౌడ్రీ 1962లో కన్నుమూశాడు.

1970లో అమెరికా స్వచ్ఛమైన గాలి చట్టాన్ని బిగించాక కంపెనీలకు వేరే దారి లేకపోయింది. 1975 మోడల్ కార్ల నుంచి కన్వర్టర్లు వచ్చాయి, వాటి కోసం సీసం లేని పెట్రోలూ వచ్చింది. మన దేశంలో 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్‌ను తప్పనిసరి చేశారు. 2000 నాటికి దేశమంతటా సీసం లేని పెట్రోలే. ఆ సీసం పిల్లల మెదళ్లను దెబ్బతీసే విషం. ఒక్క దాన్ని వదిలించినందుకైనా ఈ పెట్టెకు మనం రుణపడి ఉన్నాం.

పైకి అది ఇంజనుకూ సైలెన్సర్‌కూ మధ్య ఉండే మామూలు ఉక్కు డబ్బా. లోపల తేనెపట్టులా సన్నని గళ్లున్న పింగాణీ దిమ్మె ఉంటుంది. చదరపు అంగుళానికి 400 రంధ్రాలుండటం మామూలే. ఆ గోడల మీద అల్యూమినా పూత, ఆ పూతలో కంటికి కనిపించని రేణువులుగా ప్లాటినం, పలాడియం, రోడియం ఉంటాయి. మూడూ కలిపినా కొద్ది గ్రాములే. డబ్బా బాగా వేడెక్కాక మొదటి రెండూ కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా, కాలని పెట్రోలును నీటి ఆవిరిగా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తాయి. రోడియం నైట్రోజన్ ఆక్సైడ్లను విడగొట్టి మామూలు నైట్రోజన్‌ను వదులుతుంది. ఇంత చేసినా ఆ లోహాలు ఖర్చయిపోవు. ఉత్ప్రేరకం గుణమే అది. పదేళ్లు తిరిగిన బండిలోనూ ఆ లోహం చాలామటుకు అలాగే ఉంటుంది. దొంగకు కావలసిందీ అదే.

రోడియం ఎక్కువగా దక్షిణాఫ్రికా గనుల్లో ప్లాటినంతో పాటు దొరుకుతుంది. కావాలనుకున్నా దాన్నొక్కదాన్నే ఎక్కువ తవ్వలేరు. కాలుష్య నిబంధనలు బిగిసేకొద్దీ గిరాకీ పెరిగి, 2021లో ఔన్సు ధర ఒక దశలో 29 వేల డాలర్ల దాకా పోయింది. బంగారం అప్పుడు రెండు వేలు కూడా లేదు. ఇక రాత్రిళ్లు వీధుల్లో రంపాల చప్పుడు మొదలైంది. జాకీతో బండి ఎత్తడం, బ్యాటరీ రంపంతో గొట్టాన్ని అటూ ఇటూ కోయడం, డబ్బాతో పారిపోవడం: అంతా రెండు మూడు నిమిషాల పని. తెల్లారి తాళం తిప్పితే బండి ట్రాక్టరులా అరుస్తుంది. ఎన్‌ఐసీబీ అనే అమెరికా బీమా నేరాల నిఘా సంస్థ లెక్కల్లో ఈ దొంగతనాలు 2020లో 14 వేలు దాటాయి, 2021లో 52 వేలు దాటాయి. కాలిఫోర్నియాలో ఎందరో తెలుగువాళ్లు నడిపే టయోటా ప్రియస్ మీద దొంగల కన్ను ఎక్కువ. హైబ్రిడ్ కాబట్టి ఇంజను తక్కువసేపు నడుస్తుంది, లోపలి లోహం తక్కువ అరుగుతుంది. మన దగ్గరా గుజరాత్, మహారాష్ట్రల్లో మారుతి ఈకో వ్యాన్ల సైలెన్సర్లు ఊడదీసి, లోపలి పొడిని అమ్ముకున్న ముఠాలు దొరికాయి.

కాపాడుకోవడానికి ఉపాయాలు లేకపోలేదు. డబ్బా కింద గట్టి రేకు కవచం వేయించుకోవచ్చు, ఇనుప తీగల పంజరం బిగించుకోవచ్చు. కవచం తీయడానికి పట్టే ప్రతి నిమిషమూ దొంగకు భయమే. బండిని కాస్త ఎత్తినా మోగే అలారం మేలు. రాత్రి వెలుతురున్న చోట, వీలైతే గోడకు ఆనించి ఆపాలి. డబ్బా మీద ఛాసిస్ నంబరు చెక్కించి, వేడికి తట్టుకునే ముదురు రంగు పూయించడం నాకు అన్నిటికన్నా నచ్చిన పని. ఎందుకంటే నంబరున్న సరుకు కొనడానికి తుక్కు వ్యాపారి జంకుతాడు.

అసలు పోరాటం ఆ వ్యాపారి గల్లాపెట్టె దగ్గరే గెలవాలి. కోసేవాడికి దక్కేది కొద్ది మొత్తమే. పెద్ద లాభం కొని, కరిగించేవాళ్లకు చేరవేసేవాడిది. 2022 నవంబరులో అమెరికా న్యాయశాఖ పలు రాష్ట్రాల్లో ఒకేసారి దాడులు చేసి 21 మందిని అరెస్టు చేసింది. ఆ కేసుల్లో కోరిన ఆస్తుల జప్తు విలువ 50 కోట్ల డాలర్లు దాటింది. ఆపై ఏడాది కాలిఫోర్నియాలో అమలుకొచ్చిన చట్టం ప్రకారం విడి కన్వర్టర్‌ను లైసెన్సున్న వ్యాపారి నుంచో, బండి నాదేనని కాగితం చూపిన యజమాని నుంచో తప్ప కొనకూడదు. ఇలాంటి నిబంధన మన తుక్కు బజార్లకూ రావాలని నా గట్టి కోరిక.

పాత కారు కొనేవాళ్లు ఒక్కసారి బండిని లిఫ్టు మీద ఎక్కించి కింద చూడాలి. డబ్బా ఉండాల్సిన చోట ఉత్త గొట్టం వెల్డింగ్ చేసి ఉంటే, లేదా డబ్బాను తట్టినప్పుడు బోలుగా మోగితే బేరం ఆపేయాలి. అలాంటి బండి వదిలే పొగ పొల్యూషన్ పరీక్షలోనూ బయటపడుతుంది, దాని వెనక స్కూటర్ మీద వెళ్లే వాళ్ల ఊపిరితిత్తుల్లోకీ చేరుతుంది.