పాటలున్నాయి.. కథ కుదరాలి!

హిట్ పాటలు చేతిలో ఉన్నాయి. జంట పేరు అందరికీ తెలుసు. ఇక మ్యూజికల్ తయారైపోయినట్టే అనుకుంటున్నారా? అసలు పని అప్పుడే మొదలవుతుంది. గ్లోరియా, ఎమీలియో ఎస్తెఫాన్ దంపతులపై వచ్చిన ‘ఆన్ యువర్ ఫీట్’ దీనికి మంచి ఉదాహరణ. ఉద్యోగాల వేటలో ఉన్న మీకూ ఇందులో నేర్చుకోదగ్గ సంగతి ఉంది.

ఏది వదిలేయాలి?

ఇద్దరూ క్యూబాలో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వచ్చి మయామీలో స్థిరపడ్డారు. 1985లో ‘కాంగా’ పాటతో వాళ్ల బ్యాండ్ మయామీ సౌండ్ మెషీన్ మోత మోగించింది. 1990 మార్చిలో టూర్ బస్సు ప్రమాదంలో గ్లోరియా వెన్నెముక విరిగింది. పది నెలలకే, 1991 జనవరిలో, ఆమె మళ్లీ వేదికెక్కారు.

తర్వాత కూడా వాళ్లు దశాబ్దాలు పనిచేశారు. అయినా నాటకం పతాక సన్నివేశం ఆ పునరాగమనమే. స్క్రిప్టు రాసిన అలెగ్జాండర్ డినెలారిస్ ‘బర్డ్‌మ్యాన్’కు ఆస్కార్ పంచుకున్న రచయిత. రెండు గంటల్లో రెండు జీవితాలు పట్టవు కాబట్టి, మిగతాదంతా పక్కన పెట్టాల్సిందే.

ఇంకో చిక్కు ఉంది. పాత పాటలు వేరే సందర్భాలకు పుట్టినవి. ప్రతి సన్నివేశానికీ అవి అతకవు. అందుకే ఈ నాటకం కోసం గ్లోరియా, ఆమె కూతురు ఎమిలీ కలిసి ఒక కొత్త పాట రాశారు.

పరీక్ష మీద పరీక్ష

బ్రాడ్‌వే మ్యూజికల్ సాధారణంగా నాలుగు మెట్లెక్కి వస్తుంది. మొదటిది రీడింగ్. సెట్లుండవు, నటులు స్క్రిప్టు చూస్తూ చదివి, పాడతారు. నటుల యూనియన్ నిబంధనల్లో 29 గంటల రీడింగ్ అనే పద్ధతే ఉంది. రిహార్సల్, ప్రదర్శన అన్నీ ఆ గంటల్లోనే ముగించాలి. రెండోది వర్క్‌షాప్. ఇందులో నృత్యాలు, కదలికలు కుదురుతాయి. మూడోది వేరే ఊళ్లో ట్రైఅవుట్. ‘ఆన్ యువర్ ఫీట్’ 2015 వేసవిలో షికాగోలో ఆడింది. నాలుగోది ప్రివ్యూలు. ప్రేక్షకులు టికెట్ కొని చూస్తుంటారు, పగలు మార్పులు జరుగుతుంటాయి. నవ్వు రాని డైలాగు, సాగిన సీను రాత్రికి ఎగిరిపోవచ్చు. చివరికి ‘ఫ్రీజ్’ చేస్తారు. ఆపైన మాట మారదు.

2015 నవంబర్ 5న బ్రాడ్‌వేలో ప్రారంభమైన ఈ షో 2017 ఆగస్టు వరకు 746 ప్రదర్శనలు ఇచ్చింది. టోనీ అవార్డుల్లో దక్కింది ఒకే నామినేషన్, అదీ సెర్గియో ట్రుహీయో నృత్యాలకు. ఆ ఏడాది పోటీలో ‘హామిల్టన్’ ఉంది మరి!

మీకేంటి ఇందులో?

ఇక్కడ నటులు, గాయకులకే కాదు, టెక్నికల్ బుర్రలకూ పనుంది. లైట్, సౌండ్ క్యూలను సరైన క్షణంలో పిలిచేది స్టేజ్ మేనేజర్. లైటింగ్ ప్రోగ్రామర్, సౌండ్ ఇంజినీర్, మారిన స్వరాలను రాత్రికి రాత్రే సరిచేసే మ్యూజిక్ అసిస్టెంట్.. ఇలా పాత్రలెన్నో. క్యూల్యాబ్ లాంటి సాఫ్ట్‌వేర్‌ను కాలేజీ కార్యక్రమాల్లోనే నేర్చుకోవచ్చు. మన దగ్గరా 2016లో ‘మొఘల్-ఎ-ఆజమ్’ ముంబయిలో మ్యూజికల్‌గా వేదికెక్కింది. చదవాలనుకుంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ పీజీ, ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా ఉన్నాయి.

ఏ రంగానికి వెళ్లినా ఈ పద్ధతి మాత్రం వెంట తీసుకెళ్లండి. ప్రాజెక్టు పూర్తయ్యాకే చూపిద్దాం అని దాచుకోకండి. సగం అయ్యాకే, మిమ్మల్ని మెచ్చుకోవాల్సిన అవసరం లేని నలుగురికి చూపించండి. ఎక్కడ విసుగొచ్చిందో అడిగి, ఏం మార్చారో, ఎందుకు మార్చారో తేదీలతో రాసిపెట్టుకోండి. ఇంటర్వ్యూలో ‘ఈ ప్రాజెక్టులో మీరేం చేశారు?’ అని అడిగినప్పుడు ఆ కాగితమే మీకు జవాబు.