ఆటవిమానమునకు ఏ జాయ్‌స్టిక్కు?

బిడ్డ యొక వస్తువు కావలెనని యడిగినపుడు దాని వెల యెంత యని విచారించుటతో తల్లిపని తీరదు. ఆ వస్తువు బిడ్డకు ఏమి నేర్పునో, ఏమి నేర్పలేదో కూడ నామె యెరిగియుండవలెను. జగ్గయ్యపేట, నందిగామ మొదలగు మన మెట్టయూళ్లలో నేడు కంప్యూటరుగల యిండ్లు పెరిగినవి. వానితోపాటు విమానము నడపు నాటలును వచ్చినవి. ఈ యాట అక్షరముల మీటలతో నాడుట కింపుగాదని, విమానమునందు వైమానికుడు పట్టుకొను చేతికర్రవంటి జాయ్‌స్టిక్కు కావలెనని పిల్లలు కోరుచున్నారు. అంగడిలో నవి ముఖ్యముగా రెండు తెగలు. మొదటిది స్ప్రింగులతో పనిచేయునది. రెండవది లోపలి మోటార్లచేత చేతికి ఎదురుబలము కల్పించునది. దీనిని ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ జాయ్‌స్టిక్కందురు. స్ప్రింగుది కొన్నివేల రూపాయలకే దొరకును. రెండవదానికి స్థూలముగా ఏబదివేలు దాటును. ఇంతటి భేదము దేనికొరకో తెలిసికొనక ధనము వెచ్చించుటయు తగదు. తెలిసికొనక నిరాకరించుటయు తగదు.

ఈ భేదము మన యింటిపనులలోనే యున్నది. గిలకబావిలో చేదను వదలితిమి. అది నీటిని తాకిన క్షణముననే త్రాడు వదులగును. నిండినకొలది బరువు చేతికి తెలియును. బావిలోనికి తొంగిచూడకయే చేద నిండినదో లేదో చెప్పగలము. చల్ల చిలుకునపుడును అంతియే. కవ్వపుత్రాడు లాగు చేతికి వెన్న పేరుచున్న సంగతి కుండలోనికి చూడకమునుపే తోచును. ఇట్లు వస్తువు చేతికి బదులు చెప్పుటయే ఎదురుబలము. ఇక తనంతట తాను మూసికొనుటకు స్ప్రింగు బిగించిన తలుపును చూడుడు. ఎంత తెరచిన నంత బలముగా వెనుకకు లాగును. బయట గాలివాన కురిసినను, ఎండ కాసినను ఆ స్ప్రింగునకు నొకటే. దానికి తన సాగుదల తప్ప లోకవార్త తెలియదు.

స్ప్రింగు జాయ్‌స్టిక్కును అట్టిదే. నడుమనుండి ఎంత దూరము జరిపితిమో అంత బలముగా నది నడుమకు వచ్చుటకు చూచును. తెరపై విమానము నేలపై నిలిచియున్నను, గంటకు 300 మైళ్ల వేగమున పోవుచున్నను, మేఘములలో చిక్కి తల్లడిల్లుచున్నను చేతికి నొకటే బరువు. నిజమైన చిన్న విమానమున నట్లుండదు. అందు దండమునుండి తోకరెక్కవరకు ఉక్కుత్రాళ్లు గాని కడ్డీలు గాని పోయియుండును. రెక్కపై గాలి త్రోయు బలము ఆ త్రాళ్లవెంట వైమానికుని యరచేతికి వచ్చును. ఈ బలము వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును. అనగా వేగము రెండింతలైనచో నించుమించు నాలుగింతలగును. వేగము తగ్గి విమానము గాలిలో నిలువలేని స్థితికి చేరునపుడు దండము మెత్తబడును. పిదప రెక్కపై గాలి చెదరి వణకు పుట్టును. ఈ మెత్తదనమును, ఈ వణకును అపాయమునకు ముందు వచ్చు హెచ్చరికలు. ఎదురుబలపు జాయ్‌స్టిక్కునందలి మోటార్లు ఆటలోని లెక్కలను గ్రహించి ఈ మార్పులన్నిటిని చేతికి తెలుపుటకు యత్నించును.

ఇంకొక మర్మము కలదు. దానిని ట్రిమ్ అందురు. విమానము సమముగా పోవుటకు దండమును కొంచెము వెనుకకు పట్టవలసివచ్చినచో గంటలకొలది నట్లు పట్టుకొని కూర్చుండుట యెవరితరము? అందులకై వైమానికుడు ట్రిమ్ చక్రమును త్రిప్పును. అంతట దండము ఆ క్రొత్త తావుననే, బలము లేకుండ, ఊరక నిలుచును. స్ప్రింగు జాయ్‌స్టిక్కునకు నిలుచు తావొకటే, అది నడిమి తావు. కావున బిడ్డ ఒకచేత ట్రిమ్ త్రిప్పుచు, రెండవచేత దండమును మెల్లమెల్లగా నడుమకు వదలవలెను. ఇది నిజవిమానమున లేని యలవాటు. ఎదురుబలపు దండమునందు నిలుచు తావే జరుగును. దీనినిబట్టి చూడగా ఖరీదైనదే సత్యమునకు సమీపమని తోచును. కాని విచారణ యింతతో ముగియదు.

గన్నవరము విమానాశ్రయమున దిగు విమానములలో ఏటీఆర్ జాతివి కలవు, ఎయిర్‌బస్ 320 జాతివియు కలవు. ఏటీఆర్ ప్రొపెల్లరు విమానము. దాని చుక్కాని చేతికి త్రాళ్లద్వారమున రెక్కలతో సంబంధము కలదు. గాలి యేమనుచున్నదో వైమానికుని చేతికి కొంత తెలియును. ఎయిర్‌బస్ 320 వేరుజాతిది. 1987లో తొలిసారి యెగిరిన యీ విమానమున దండము వైమానికుని ప్రక్కన చిన్నదిగా నుండును. దానికి రెక్కలతో త్రాటి సంబంధము లేదు. చేతి కదలిక విద్యుత్సంకేతమై కంప్యూటరునకు పోవును. కంప్యూటరు రెక్కను కదల్చును. ఆ దండమును నడుమకు తెచ్చునవి స్ప్రింగులే! మన దేశమున ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారు 1989లో ఈ విమానములను ప్రవేశపెట్టిరి. హైదరాబాదులోని వారి కేంద్ర శిక్షణాలయమున వైమానికులు అనుకరణయంత్రములలో కూర్చుండి దీనినే అభ్యసించిరి. కావున బిడ్డ ఆటలో ఎయిర్‌బస్ 320ని నడపదలచినచో స్ప్రింగు జాయ్‌స్టిక్కే సత్యమునకు దగ్గర. ఏబదివేల వస్తువు ఆ విమానమున లేని బలమును కల్పించినచో నది యలంకారమేగాని యనుకరణము గాదు.

అమెరికాలో 1974లో తొలిసారిగా నెగిరిన ఎఫ్-16 యుద్ధవిమానమునందైతే మొదట దండము కదలనే కదలదు. చేయి నొక్కు బలమును మాత్రమే కొలుచును. ఏమియు కదలని దానితో పట్టు కుదరక పిదప దానికి అతిస్వల్పమైన కదలిక నిచ్చిరి. మనుష్యుని చేయి మౌనమును సహింపదు గదా!

చేతికి వార్త తెలియకపోవుట యొకప్పుడు ఎంత ఘోరమునకు తోడ్పడునో చెప్పుటకు 2009 జూన్ 1వ తేది ప్రమాదము చాలును. రియో డి జనీరోనుండి పారిసునకు పోవుచున్న ఎయిర్ ఫ్రాన్స్ 447వ సంఖ్య విమానము, ఎయిర్‌బస్ 330 జాతిది, రాత్రివేళ అట్లాంటిక్ సముద్రమున కూలెను. 228 మంది మరణించిరి. వేగమును కొలుచు గొట్టములకు మంచుపలుకులు అడ్డుపడుటచే స్వయంచాలకము తొలగెను. నడుపుచున్న వైమానికుడు దండమును వెనుకకు లాగి విమానపు ముక్కు నెత్తెను. విమానము గాలిలో పట్టు కోల్పోయిన తరువాతను మిక్కిలి సేపు అట్లే లాగుచుండెను. ఈ జాతి విమానములలో ఇరువురి దండములకు పరస్పర బంధము లేదు. ఒకరు లాగినచో రెండవవారి దండము కదలదు. కారణములనేకము లుండెను, దండమొక్కటే దోషి యనుట న్యాయముగాదు. ఐనను ప్రక్కవాని చేయి యేమి చేయుచున్నదో తన చేతికి తెలియకపోవుట తక్కువ సంగతి గాదు. అనంతరకాలమున ఎదురుబలమునిచ్చి, రెండు దండములును కలిసి కదలునట్లు మోటార్లు గల ప్రక్కదండములను గల్ఫ్‌స్ట్రీమ్ జీ500 విమానమున నమర్చిరి. దానికి 2018లో అనుమతి లభించెను. ఆటవస్తువుగా మన బిడ్డలడుగు నెదురుబలమే యొకచోట ప్రాణరక్షణకు సాధనమైనది.

అనుకరణవిద్య క్రొత్తది గాదు. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనునాతడు 1929లో విమానవిద్య నేర్పు పెట్టెను నిర్మించెను. ఆతని తండ్రిది పియానోలు, ఆర్గనులు చేయు కర్మాగారము. మన హార్మనీపెట్టెలోనివలె గాలితిత్తుల నుపయోగించి ఆతడు పెట్టెను ముందునకు, ప్రక్కలకు వంచెను. సంగీతవాద్యపు తిత్తి వైమానికవిద్యకు గురువైనది. ఇంటిలో నాడుకొను విమానపుటాటలలో ప్రసిద్ధమైన మైక్రోసాఫ్ట్ ఫ్లయిట్ సిమ్యులేటర్ 1982లో వెలువడెను. ఆ సంస్థవారే 1997లో ఎదురుబలపు జాయ్‌స్టిక్కును గృహములకు తెచ్చిరి. ఇమ్మర్షన్ అను సంస్థ తన పేటెంటు హక్కులకై 2002లో వారిపై దావా వేయగా, 2003లో రాజీ కుదిరెను. పిమ్మట చాల యేండ్లు ఈ తెగ జాయ్‌స్టిక్కు అంగళ్లలో నరుదై, పాతవానినే జనులు వెదకి కొనుచుండిరి. ఇటీవల మోజా మొదలగు కొన్ని సంస్థలు మరల చేయనారంభించినవి.

ఈ చర్చ నందిగామలోని మా బంధువుల యింట జరిగినది గనుకనే నే నింత విచారింపవలసి వచ్చినది. ఇంటరు చదువు బాలిక యొకతె వైమానికురాలు కాగోరుచున్నది. పత్తి యమ్మిన సొమ్ము చేతి కందిన వారములో నామె ఎదురుబలపు జాయ్‌స్టిక్కు నడిగినది. తండ్రి ఇది మగపిల్లల యాట యనెను. తల్లి నా యభిప్రాయ మడిగినది. పొరుగింటి పిల్లవాని స్ప్రింగు జాయ్‌స్టిక్కును తెచ్చి యందరును త్రిప్పి చూచిరి. ఎనుబదియేండ్లు దాటిన తాతగారు, వయసున బండి తోలినవారు, దానిని నాలుగుమార్లు ఇటునటు కదల్చి, “పగ్గమున్నది గాని, దీనిలో ఎద్దు లేదమ్మాయీ!” అనిరి. పుస్తకములు చదివి నేను తెలిసికొన్న భేదమంతయు ఆ మాటలో నిమిడియున్నది. పగ్గమునందు ఎద్దు బెదరుటయు, అలసుటయు తోలువానికి తెలియును. భారతమున బాహుకుడై యున్న నలుడు ఋతుపర్ణుని రథమును వాయువేగమున తోలగలిగినది గుఱ్ఱముల హృదయమెరిగియే గదా!

ఐనను నేను స్ప్రింగుదే కొనుమని సలహా చెప్పితిని. ఆ బాలిక ఇంకను దారి వెదకికొనుట, ఎత్తును వేగమును గమనించుట, రేడియోలో చెప్పదగిన మాటలు, దిగుటకు ముందు చేయవలసిన పనుల వరుస నేర్వవలసియున్నది. వీనికి ఎద్దుతో పనిలేదు. మన దేశమున వ్యాపారవైమానిక లైసెన్సునకు 200 గంటల నిజమైన ప్రయాణానుభవము కావలెను. ఇంటికంప్యూటరుపై నాడిన గంట యొక్కటియు నందు లెక్కకురాదు. మిగిలిన సొమ్మును ఆమె చదువునకై బ్యాంకులో వేసిరి. తండ్రి యాక్షేపణకు బదులు చరిత్రయే చెప్పినది. చీర కట్టుకొనియే సరళా ఠక్రాల్ 1936లో విమానము నడిపెను. ప్రేమ్ మాథుర్‌ను వైమానికురాలుగా చేర్చుకొన్నది మన హైదరాబాదులోని డెక్కన్ ఎయిర్‌వేస్. ఆ సంస్థ డకోటా విమానములు త్రాళ్లతో నడుచునవి. దండము నడుపుటకు భుజబలమును కావలసియుండెను. 2016లో మొదటి ముగ్గురు యుద్ధవైమానికురాండ్రు పట్టము పొందినది దుండిగల్లు వైమానికాలయముననే. నేడు మన దేశపు వైమానికులలో నూటికి పన్నెండుమందికి పైగా స్త్రీలే యుందురు. ప్రపంచపు సగటు అందులో సగముకూడ లేదు.

కొనదలచినవారు కొన్ని సంగతులు గమనింపవలెను. బిడ్డ ఏ విమానమును నడపగోరుచున్నదో మొదట అడుగుడు. ఎయిర్‌బస్‌వంటి విమానమైనచో స్ప్రింగుది చాలును. పాతకాలపు విమానములు, చిన్న శిక్షణవిమానములు, హెలికాప్టరులు ఐనచో ఎదురుబలము మిక్కిలి యుపకరించును. ఊరక గడగడలాడునది, అనగా ఫోనువలె వణకు మాత్రమే కలది, ఎదురుబలము గాదు. కొందరు వర్తకులు రెంటిని నొకటే పేరున నమ్ముదురు. ఆడదలచిన యాట ఎదురుబలమును పంపగలదో లేదో ముందే విచారింపుడు. కొన్నిటికి వేరొక ప్రోగ్రామును చేర్పవలసియుండును. మోటార్లుగలది బరువైనది, వేరుగ విద్యుత్తు కోరునది. బల్లకు గట్టిగా బిగింపకున్న నిలువదు. స్ప్రింగుది కొనునపుడు నడిమి తావున దండము తడబడక మెత్తగా దాటుచున్నదో లేదో చేతితో చూడుడు. అయస్కాంతముచే కదలికను కొలుచు హాల్ సెన్సరు గలదైనచో, రాపిడికి అరుగు పాతపద్ధతి దానికన్న చిరకాలము మన్నును.

బిడ్డచేతికి మొదట పగ్గము నిత్తము. పట్టు కుదిరి, కోరిక నిలిచి, చదువు సాగినచో ఎద్దు సంగతి అటుపిమ్మట ఆలోచింపవచ్చును.